డేగ వాటా

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు వస్తుంది. అక్కడ అటవీశాఖ జీపు ఎక్కిన కుటుంబాలకు పులి కనబడటం అరుదు. గద్దలూ డేగలూ మాత్రం తలెత్తి చూసే ఓపిక ఉన్నవాళ్లకు దొరుకుతాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 3,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నంద్యాల ఘాట్ ఎక్కినా చుట్టూ ఉండేది నల్లమలే. మోడు మీద కూర్చున్న పాములగద్దను చూపించి, అది పామును ఎలా పట్టి చంపుతుందో పెద్దవాళ్లు చెబుతుండగానే పిల్లలు అడిగేస్తారు: "మరి దానికి పాపం రాదా?"

నవ్వి దాటేయదగ్గ ప్రశ్న కాదిది. చీమను తొక్కినా తప్పని నేర్పే పెద్దలే మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి తీసుకెళ్లి గరుత్మంతుడికి దండం పెట్టిస్తారు. ఆయన ఆహారం పాములు. తెల్లటి తల, ఇటుకరంగు రెక్కల గరుడపక్షి చెరువు మీద తిరిగితే చేతులు జోడిస్తారు. పెరట్లో కోడిపిల్లల మీద నల్లగద్ద నీడ పడితే కేకలేస్తారు.

ఈ చిక్కును నేరుగా ఎత్తుకున్నది శిబి కథ. అరణ్యపర్వంలో ఒకచోట ఆ రాజు పేరు ఉశీనరుడు. పిల్లలకు చెప్పేటప్పుడు అది పావురం కథ అయిపోతుంది: శరణు కోరిన పిట్ట, దయగల రాజు. భారతంలో డేగ గట్టిగా వాదిస్తుంది. పావురం తనకు విధి ఏర్పరచిన తిండి అంటుంది. అది దక్కకపోతే తాను చస్తుంది, తన వెనక భార్యాబిడ్డలు చస్తారు. ఒక ప్రాణాన్ని కాపాడబోయి ఇన్ని ప్రాణాలు తీయడం ఏం ధర్మమని నిలదీస్తుంది. మరో ధర్మాన్ని దెబ్బతీసేది ధర్మమే కాదంటుంది.

డేగల సంసారం చూసినవాళ్లకు ఈ వాదన కల్పన అనిపించదు. ఆడడేగ మగదానికంటే పెద్దది. అది గూట్లో గుడ్లు పొదుగుతుంటే మగది వేటాడి తెచ్చిపెడుతుంది. ఆ మగది ఖాళీ గోళ్లతో తిరిగొస్తే గూడంతా పస్తే.

రాజు డేగను పాపి అనలేదు. తరిమేయలేదు. ముందు వేరే మాంసం ఇస్తానన్నాడు, అది ఒప్పుకోలేదు. అప్పుడు త్రాసు తెప్పించి తన ఒంటి మాంసం కోశాడు. కథకు ప్రాణం ఇక్కడే ఉంది. పావురం బతకాలి, డేగ ఆకలీ తీరాలి, ఆ రెంటి మధ్య ఖర్చు దయ చూపినవాడిదే. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ బౌద్ధశిల్పులు ఈ కథను రాతిలో చెక్కారు. నల్లమలకు ఉత్తరాన, ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న చోటే అది.

దయ చూపేటప్పుడు డేగ వాటాను లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో రాబందుల విషయంలో తెలిసింది. నొప్పితో బాధపడే పశువుకు డైక్లోఫెనాక్ సూది వేయడం దయే, అందులో సందేహం లేదు. ఆ పశువు చచ్చాక కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయాయి. 1990ల మొదటి నుంచి 2007 నాటికి దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. కారణం 2004లో శాస్త్రీయంగా రుజువైంది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు.

రాబందులది జటాయువు జాతి. సీత కోసం పోరాడి నేలకూలిన ఆ పక్షికి రాముడు కొడుకులా నిలిచి దహనసంస్కారం చేశాడు. శవాలు తినే పక్షి కదా అని వెనకాడలేదు. అపవిత్రమని మనం ముక్కు మూసుకునే పనిని రాబందు చేసిపెడుతుంది; అది లేనిచోట కళేబరాలు కుళ్లిపోతాయి, ఊరకుక్కలు పెరుగుతాయి. కాబట్టి పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పాములగద్ద కాదు. తినడానికి మించి చంపాల్సిన అవసరం దానికి లేదు. తినకుండానే ఒక జాతిని దాదాపు మాయం చేసింది మనం.

2023లో అసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ మందులను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. నొప్పికి మెలాక్సికాం ఉంది. రాబందులకు అది హాని చేయదని పరీక్షల్లో తేలింది. దోర్నాల, గిద్దలూరు పక్క ఊళ్లలో బర్రెకో ఎద్దుకో సూది వేయించేటప్పుడు సీసా మీద పేరు చదివి చూడవచ్చు. చదువుకునే పిల్లలకు ఆ పని అప్పగించినా చేస్తారు.