పాటను నమ్ముకొనదలచిన పడుచువానికి



గానము భగవత్సేవ యని మన పెద్దలు పలువిధముల జెప్పియున్నారు. వేదములలో తాను సామవేదమునని గీతాచార్యుడు సెలవిచ్చెను. సామమనగా గానమే గదా. ఆళ్వారుల ప్రబంధము నేటికిని సన్నిధులలో వినబడుచున్నది. ఇవి యెల్లరకు దెలిసినవే. అయినను ఇంటి కుమారుడు “నేను పాటనే నమ్ముకొని బ్రదుకుదును” అన్న దినమున ఈ మాటలేవియు జ్ఞప్తికి రావు. అచ్చట పుట్టు ప్రశ్న వేఱు: కూడెట్లు?

దేవుని కడపలో ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ప్రొద్దుటూరు దిక్కు పల్లెవారు. శనగ వేయు నల్లరేగడి నేల నాలుగెకరములు, ఎండిన బోరుబావి ఒకటి వారి ఆస్తి. “సామీ, వీనికి పాటల పిచ్చి పట్టుకొనింది. మీరన్నా నాలుగు మంచి మాటలు చెప్పండి” అని తండ్రి వాపోయెను. కుఱ్ఱవానికి ఇరువది యేండ్లుండును. ఏ చలనచిత్రపు పాటకైనను గాయకు డెవరో, బాణీ కట్టిన దెవరో, వేణువు వాయించిన దెవరో తడుముకొనక చెప్పగలడు. హైదరాబాదుననో చెన్నపట్టణముననో ధ్వనిముద్రణశాలలో ఏదేని యొక పని దొరికిన జాలునని అతని కోరిక. “పాడుదువా నాయనా?” యని యడిగితిని. “కొంచెము పాడుతాను స్వామీ. పాడకపోయినా ఆ పని దగ్గరుండాల” అనెను. ఆ మాట నాకు నచ్చినది.

ఇట్టి తండ్రులును ఇట్టి కుమారులును మన సీమలో పలువురుందురు గనుక, వారితో జెప్పినదానిని కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

రాజంపేట చెంత తాళ్లపాకలో 1408వ సంవత్సరమున అన్నమాచార్యులు జన్మించిరి. మనుమడు చిన్నన్న వ్రాసిన ద్విపద చరిత్రను చదివిన, ఆ యింటను ఇదే తగవు కానవచ్చును. పిల్లవాడు ఎల్లవేళల పాటలో మునిగియుండుట చూచి, ఇంటివారు విసిగి, పసులకు గడ్డి కోసి తెమ్మని అడవికి బంపిరి. కొడవలి తగిలి వ్రేలు తెగెను. అంతట నతడు దారిన బోవు యాత్రికులతో గలిసి తిరుమలకు నడచెను. ఈ కథను వినునప్పుడు మనకు కన్నులు చెమర్చును. ఇంటికి బోయి మన పిల్లవాని చేతికి మాత్రము కొడవలినే యిత్తుము. సేద్యము తక్కువదని నా భావము కాదు సుడీ! వానికిని సేద్యమునకును నడుమ మనసు కుదరనప్పుడు ఆ కొడవలి ఎవరికిని పనికిరాదని మాత్రమే నా మనవి.

పడుచువాడు గమనింపవలసినది ఇంకొకటి కలదు. అన్నమయ్య కొండయెక్కిన దినముననే ఆచార్యుడు కాలేదు. అహోబలమున ఆదివన్ శఠగోపయతి పాదములయొద్ద శాస్త్రము నభ్యసించెను. 1424లో స్వామి సాక్షాత్కరించిన నాటినుండి 1503లో పరమపదించు వఱకు, దాదాపు డెబ్బదితొమ్మిదేండ్లు పాడెనని రాగిరేకే చెప్పుచున్నది. మన కుఱ్ఱవాండ్రు ఆఱునెలలలో పేరు రాలేదని నిట్టూర్తురు.

ఇక కూటి ప్రశ్న. సాళువ నరసింహరాయలు ఆచార్యుల సంకీర్తనము విని మెచ్చి సన్మానించెను. ఆ సన్మానమును వారు త్రోసిపుచ్చలేదు. పిమ్మట రాజు, తనమీద అట్టి పాట నొకటి చెప్పుమనెను. అప్పుడు మాత్రము చెవులు మూసికొనిరి, సంకెలలకైనను ఒడంబడిరి. కావున పాటవలన వచ్చు అన్నము దోషము కాదు. ఎవడు ఏది పాడుమన్నను పాడుదునని నాలుకను వ్రాసియిచ్చుటయే దోషము. ఈ భేదమును పట్నమునకు పోకముందే మనసున నిలుపుకొనుమని ఆ బాలునితో చెప్పితిని.

చలనచిత్రమన్న ముఖము చిట్లించు పండితులు గలరు. నేనా కోవకు జెందను. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చిత్రములో కల్పన చాల గలదు. అయినను కీరవాణిగారి సంగీతముతో, బాలసుబ్రహ్మణ్యముగారి కంఠమున, సంకీర్తనము ఎన్నడును వినని యిండ్లకు సంకీర్తనము చేరినది.

ఆ కుఱ్ఱవాడు “పాడకపోయినా” అనెను గదా. దానికి సమాధానము తాళ్లపాకవారి రాగిరేకులలోనే యున్నది. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనములు చెప్పెనని చిన్నన్న వచనము. నేడు లభించినవి పండ్రెండువేలకు పైబడినవి. అవియైనను మిగులుటకు కారణమేమి? కుమారుడు పెదతిరుమలాచార్యుడు, అచ్యుతదేవరాయల కాలమున, వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల కోవెలలోని సంకీర్తన భాండాగారమున భద్రపఱచెను. రేకున కిరుప్రక్కల, సామాన్యముగా ఆఱేసి పాటలు. రాగిని సాగగొట్టినవారు, అక్షరమక్షరముగా ఉలితో చెక్కినవారు, తప్పులు సరిచూచినవారు ఎందఱో! వారిలో గాయకులెందఱు? వారి పేర్లు మనలో నెవరికి దెలియును? వారు లేనిచో అన్నమయ్య పాట వారి మనుమల తరముతోనే యణగిపోయెడిది.

ఆ రేకులు కొన్ని శతాబ్దములు చీకటిలో నుండెను. ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిని చదివి పరిష్కరించిరి. 1950లో వారు కీర్తిశేషులైరి. రేకులపై రాగము పేరున్నది గాని స్వరము లేదు. మన అనంతపుర సీమవారే యగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, మైసూరున తెలుగు బోధించిన పండితులు, తిరుపతికి వచ్చి స్వరములు కూర్చిరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. రాజమహేంద్రవరమున బుట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారు అందు 2006 వఱకు పనిచేసి, ఆఱువందలకు మించిన సంకీర్తనములకు స్వరకల్పన చేసి, 2025 మార్చిలో స్వామి సన్నిధి చేరిరి. వారు పాడినవానిని ధ్వనిముద్రణ చేసినవారు, ప్రతులు తీసినవారు, భద్రపఱచినవారు వేఱు. అది కూడ పాటపనియే. జీతము గల పనియే.

తండ్రితో నేను కోరినది మూడేండ్ల గడువు. తిరుపతిలో 1959 నుండి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల కలదు. ముందు శ్రుతిజ్ఞానము సంపాదింపనిండు, పిమ్మట ఏ యంత్రము ముందు కూర్చున్నను చెవి తోడుండునని చెప్పితిని. ఆయన తలపాగ విప్పి భుజముపై వేసికొని, “శనగ కోత కానీండి సామీ” అనెను. కుఱ్ఱవాడు మాత్రము వేఱొకటి యడిగెను: ఇంకను స్వరము కట్టని పాటలు ఎన్ని యున్నవని. వేలకొలది యున్నవి నాయనా, అంటిని.