మానైన తరువాత చదువు

"మొక్కై వంగనిది మానై వంగునా?" అని మన పెద్దలు అంటారు. పిల్లల పెంపకాన్ని గురించి పుట్టిన ఈ సామెతను మనం పెద్దల చదువుకు కూడా అంటగట్టేశాము. యాభై ఏళ్లకు చేరువైన తల్లి ఒక రోజు "నేను మళ్లీ చదువుకుంటాను" అంటే ఇంట్లో వారు ముందు నవ్వుతారు. ఆమె పట్టు విడవకపోతే "ఇప్పుడెందుకు? ఎవరి కోసం?" అని అడుగుతారు.

నవ్వు సంగతి అలా ఉంచుదాం. ఆ ప్రశ్న మాత్రం కొట్టిపారేయదగినది కాదు. ఉద్యోగం తెచ్చిపెట్టని చదువు కోసం, జీవితంలో సగం దాటిన మనిషి తన సాయంత్రాలను, ఇంటి డబ్బును, ఇంటివారి ఓపికను వాడుకోవడం న్యాయమేనా? ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్నను కలిసి ఆలోచిద్దాం. దీనికి ఐర్లండు దేశాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే అక్కడ ఎందరో స్త్రీ పురుషులు నడివయసులో తిరిగి తరగతి గదికి వెళ్లారు. వారిలో చాలామంది ఎంచుకున్నది తమ దేశ వారసత్వాన్ని, తమ ఊరి చరిత్రను గురించిన చదువు. ఇంతకంటే లాభం లేని చదువు ఉండదని లోకం అనవచ్చు. అందుకే మన ప్రశ్నకు ఇది మంచి పరీక్ష.

ముందుగా వారు బడి ఎందుకు మానేశారో తెలుసుకోవాలి. ఐర్లండులో 1926 నాటి చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండేవరకే బడికి వెళ్లడం తప్పనిసరి. ఆ పై చదువుకు ఫీజు కట్టాలి. పల్లెల్లో బడి దూరం. పెద్ద కుటుంబాల్లో అందరినీ చదివించడం సాధ్యం కాదు. 1966లో విద్యామంత్రి డొనో ఒమాలి ఉచిత హైస్కూలు చదువును ప్రకటించారు. అది 1967లో అమలులోకి వచ్చింది. నిర్బంధ చదువు వయసు 15కు పెరిగింది 1972లో. ప్రభుత్వోద్యోగం చేస్తున్న స్త్రీ పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలన్న నిబంధన తొలగింది 1973లో. ఈ మార్పులకు కొంచెం ముందు బడి వయసు దాటినవారి ముందు తలుపులు మూసుకుపోయాయి. వారి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అవే తలుపులు తెరుచుకున్నాయి.

ఒక స్త్రీని ఊహించుకుందాం. ఈమె కల్పితం, పరిస్థితి మాత్రం కల్పితం కాదు. మాయో కౌంటీలోని ఒక పల్లెలో 1950లో పుట్టింది. 1964లో బడి మానేసింది. కొన్నాళ్లకు ఇంగ్లండు వెళ్లి ఆసుపత్రిలో పనిమనిషిగా చేరి, నెలనెలా ఇంటికి డబ్బు పంపింది. ఆ డబ్బుతో తమ్ముళ్లు హైస్కూలు బట్టలు కుట్టించుకున్నారు. తిరిగి వచ్చి పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచింది, అత్తమామలను చూసుకుంది. 1998లో, 48 ఏళ్ల వయసులో, తన ప్రాంత చరిత్ర నేర్పే సాయంకాలపు కోర్సులో చేరింది. ఆ దేశపు కళాశాలలు 23 ఏళ్లు నిండి చేరేవారిని "మెచ్యూర్ స్టూడెంట్లు" అంటాయి. మనం వయోజన విద్య అంటే అక్షరాలు దిద్దించడం అనుకుంటాము. ఇది అది కాదు. ఇది పెద్దవారు విశ్వవిద్యాలయపు మెట్లెక్కడం. గురువుల శిక్షణ కోసం 1795లో స్థాపించిన మేనూత్ కళాశాల కూడా 1966 నుండి సామాన్య గృహస్థులను చేర్చుకుంది. స్థానిక చరిత్ర చదువుకు ఆ ఊరు ప్రసిద్ధికెక్కింది. 1995 నుండి ఆ ఊరి పేరుతో వెలువడుతున్న స్థానిక చరిత్ర గ్రంథమాల 100 పుస్తకాలు ఎప్పుడో దాటింది.

ఇంతకూ ఈమె ఈ చదువునే ఎందుకు ఎంచుకుంది? ఈ తరగతికి ఆమె వట్టి చేతులతో వెళ్లదు గనుక. లెక్కల తరగతిలో ఆమె వెనుక బెంచీలో బెదురుతూ కూర్చోవలసి వచ్చేది. ఇక్కడ అలా కాదు. బొగ్గులా కాల్చే పీటు మట్టిని ఎలా కోసి ఆరబెడతారో ఆమె చేతులకు తెలుసు. ఏ పొలాన్ని ఏ పేరుతో పిలిచేవారో ఆమె చెవులకు తెలుసు. ఆ దేశంలో టౌన్‌ల్యాండ్లు అనే చిన్న చిన్న భూభాగాలు 60,000కు పైగా ఉన్నాయి. 1824లో మొదలైన బ్రిటిష్ సర్వేలో వాటి ఐరిష్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి రాశారు. మేనూత్ ఉన్న కౌంటీ పేరు కిల్డేర్. ఇంగ్లీషు చెవికి "కిల్" అంటే చంపడం. ఐరిష్ తెలిసినవారికి "కిల్ దారా" అంటే ఓక్ చెట్టు దగ్గరి గుడి. ఒక్క అర్థం విడిపోగానే ఊరంతా మాట్లాడడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలను నిజాయితీగా విందాం. మొదటిది ఇంటి అభ్యంతరం. ఆమె తరగతికి వెళ్లిన సాయంత్రం వంట ఎవరు చేయాలి? 1996లో ఐర్లండు ప్రభుత్వం డిగ్రీ ఫీజులను రద్దు చేసింది గాని అది పూర్తికాలం చదివేవారికే వర్తించింది. సాయంకాలం చదివేవారు అప్పట్లో తమ జేబులోంచి కట్టుకోవలసి వచ్చింది. రెండవది సమాజపు అభ్యంతరం. ప్రజల డబ్బుతో నడిచే కళాశాలలో ఒక స్థానం ఉంటే, అది ముందు జీవితం ఉన్న యువకుడికి దక్కడం మేలు కాదా? మూడవది ఇంకా లోతైనది. వారసత్వం పేరిట చదివేది చివరికి తాతముత్తాతల గొప్పలు చెప్పుకోవడానికే కదా?

మొదటి రెండింటికీ ఒక జవాబు ఉంది. ఆమెకు 14 ఏళ్లప్పుడు కూడా ఇంట్లో ఒకే స్థానం, ఒకే ఫీజు ఉన్నాయి. అప్పుడు ఆమె తప్పుకుంది. అది త్యాగమని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, త్యాగమే. అయితే త్యాగాన్ని ఒకసారి అంగీకరించినవారు దాన్ని జీవితాంతం అడుగుతూ ఉండవచ్చా? ఆమె పంపిన డబ్బుతో చదివిన తమ్ముడు "ఈ వయసులో నీకెందుకక్కా" అంటే, ఆ మాటలో ప్రేమ ఉండవచ్చు, న్యాయం లేదు. మంచానపడ్డ మనిషిని గాలికి వదిలి తరగతికి వెళ్లమని ఎవరూ చెప్పరు. కాని ఆ మంచం దగ్గర కూర్చోవడం ఆమె ఒక్కదాని వంతే ఎందుకైంది అని అడగడం మాత్రం తప్పు కాదు. చాలా ఇళ్లలో "వీలుపడదు" అన్న మాటకు "పని పంచుకోము" అని అర్థం.

మూడవ అభ్యంతరానికి జవాబు చెప్పాలంటే ఆ తరగతిలో నిజంగా ఏం చదువుతారో చూడాలి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధపు తొలి రోజుల్లో, డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం తగలబడింది. 1821 నుండి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. రాజుల చరిత్ర ఇతర దేశాల్లోనూ దొరుకుతుంది. పేదవాడి పేరు ఒక్క చోటే రాసి ఉంటుంది, అది కాలిపోతే ఇక లేదు. మిగిలినవి కొద్ది ఆధారాలు. ప్రొటెస్టెంటు సంఘానికి కట్టవలసిన దశమభాగం కోసం 1823 నుండి 1837 వరకు రాసిన పుస్తకాలున్నాయి. 1847 నుండి 1864 వరకు ప్రచురించిన భూముల విలువల జాబితా ఉంది. విచారణల్లో గురువులు లాటిన్ పేర్లతో రాసి ఉంచిన జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లున్నాయి. ఈ రిజిస్టర్లను ఆ దేశపు జాతీయ గ్రంథాలయం 2015లో అందరూ ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది.

ఇవి గాక మరో నిధి ఉంది. 1937 నుండి 1939 వరకు 5,000 ప్రాథమిక పాఠశాలల్లోని పిల్లలు, 50,000 మందికి పైగా, ఇంటికి వెళ్లి అవ్వలనూ తాతలనూ అడిగి విన్నవన్నీ నోటు పుస్తకాల్లో రాశారు. వైద్యాలు, బావులు, దయ్యాల కథలు, కరువు జ్ఞాపకాలు అన్నీ కలిపి సుమారు 7,40,000 పేజీలు. సంతకం కూడా రాని ముసలివారు ఆ రెండేళ్లు దేశానికి ఉపాధ్యాయులయ్యారు. నడివయసులో చదివే స్త్రీ ఈ ఇద్దరి పనీ ఒక్కతే చేస్తుంది. నోటు పుస్తకం పట్టుకున్న పిల్లా ఆమే, గుర్తు చేసుకుని చెప్పే అవ్వా ఆమే.

అయితే గుర్తుండేవన్నీ తీపివి కావు. మన మాయో స్త్రీ 1830ల నాటి దశమభాగపు పుస్తకాన్నీ, 1850ల నాటి భూముల జాబితానూ పక్కపక్కన పెట్టి తన టౌన్‌ల్యాండ్ పేజీలు తిప్పింది అనుకోండి. మొదటి దానిలో పన్నెండు కుటుంబాల పేర్లు. రెండవ దానిలో నాలుగు. మధ్యలో మహా కరువు. 1841లో 81 లక్షలకు పైగా ఉన్న ఆ దీవి జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. ఇదంతా దొరల పాపమేనని ఆమె చిన్నప్పటి నుండి విన్నది, అందులో చాలా నిజం ఉంది. 1847లో చేసిన చట్టం ప్రకారం పావు ఎకరం కంటే ఎక్కువ భూమి చేతిలో ఉన్నవారికి ప్రభుత్వ సహాయం అందదు. గంజి కోసం భూమి వదులుకోవాలి. కాని వదిలిన భూమి ఎవరి చేతికి వచ్చింది? రెండవ పుస్తకంలో అందరికంటే పెద్ద కమతం ఎదుట ఆమె ముత్తాత తండ్రి పేరే ఉంది.

పాఠకులారా, ఇప్పుడు ఆమె ఏం చేయాలి? కోర్సు పూర్తి కావాలంటే వ్యాసం రాయాలి. అన్నదమ్ములు ఆ పొలంలోనే ఉన్నారు. పోయిన ఎనిమిది కుటుంబాల్లో ఒకదాని బంధువులు ఇంకా ఆ ఊరి చివరే ఉన్నారు, ప్రతి ఆదివారం గుడిలో కనిపిస్తారు. ఇరవై ఏళ్ల విద్యార్థికి ఇది మార్కులు తెచ్చే మంచి విషయం. ఆమెకు ఇది ఇంటి విషయం. ఇక్కడే ఈ చదువు కాలక్షేపం కాదని తేలిపోతుంది.

దాచేస్తే ఎనిమిది ఇళ్లవారు రెండోసారి మాయమవుతారు. ఒక్కసారిగా నిందవేస్తే అదీ అబద్ధమే కావచ్చు. ఆ భూమిని ఆయన ఆశతో లాక్కున్నాడో, వెళ్లిపోతున్న బంధువు అప్పగించి పోయాడో, దొర గుమాస్తా అంటగట్టాడో ఆ పుస్తకాలు చెప్పవు. ఆమె రాయగలిగినది ఒక్కటే: మొదట పన్నెండు పేర్లు ఉన్నాయి, ఇవి ఆ పేర్లు, తరువాత నాలుగు ఉన్నాయి, అందులో మా పేరు ఒకటి, మధ్యలో ఏం జరిగిందో ఇంతవరకే ఆధారం ఉంది. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి తెలివి కంటే ధైర్యం ఎక్కువ కావాలి. ముత్తాత తండ్రి చేసినదానికి ఆమె దోషి కాదు. కాని తెలిసిన తరువాత తెలియనట్లు ఉండడం ఆమె చేతిలోని పని, దానికి జవాబుదారీ ఆమెదే.

ఐరిష్ భాషలో "దూఖస్" అని ఒక మాట ఉంది. దానికి వారసత్వం అనీ అర్థం, పుట్టుకతో వచ్చిన స్వభావం అనీ అర్థం. అంటే వారసత్వం పెట్టెలో పెట్టుకునే నగ కాదు, మన నడకలో మాటలో ఉండేది. దాన్ని చదవడమంటే తనను తాను పరీక్షించుకోవడమే. గొప్పలు చెప్పుకోవడానికి వెళ్లినవారు ఆ తరగతిలో ఎక్కువ కాలం నిలవలేరు. నిలిచినవారు కొంచెం మెత్తబడి, కొంచెం జాగ్రత్తగా మాట్లాడుతూ ఇంటికి తిరిగి వస్తారు.

కాబట్టి "ఎవరి కోసం?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ముందుగా ఆమె కోసమే, దానికి సిగ్గుపడనవసరం లేదు. మనిషి పండి కోతకు వచ్చిన పైరు కాదు, ఇంక ఎదగడానికి ఏమీ లేదనడానికి. ఆమె చదువు శ్మశానంలోని రాళ్లపై పేర్లను చదివి జాబితా రాయడానికి పనికివస్తే, బడి పిల్లలకు ఊరి పేర్ల అర్థం చెప్పడానికి పనికివస్తే, సంతోషం. ఆ ఉపయోగం ఆమె చదువుకు ఫలం. అది చూపిస్తేనే చదువుకోనిస్తామని షరతు పెట్టడం మాత్రం సరికాదు. కొడుకు చరిత్ర చదువుతానంటే మనం అటువంటి షరతు పెడతామా?

ఇక సామెత సంగతి. మాను వంగదు, నిజమే. కాని చదువు అంటే వంగడం అని ఎవరు చెప్పారు? చెట్టు ముదిరాక కూడా ప్రతి ఏడూ కొత్త ఆకు వేస్తుంది, వేరు ఇంకా లోతుకు దిగుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా, తల్లి గాని తండ్రి గాని పెద్దక్క గాని, మళ్లీ చదువుకుంటానని అంటే, జవాబు చెప్పే ముందు ఒక్క మాట అడగండి: "నువ్వు బడి మానేసింది ఏ ఏడు? ఎందుకు మానేశావు?" వారు చెప్పేది చివరి వరకు వినండి. ఆ తరువాత, వారు తరగతికి వెళ్లే సాయంత్రం వంట ఎవరు చేయాలో మీరే నిర్ణయించుకోండి.