ఇంటిలోని చిన్న అబద్ధము

వేయి అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయవలెనని మనవారి సామెత. ఆ సామెతను నమ్మి పెండ్లి చేసినవారు పందిరి విప్పగానే తమ తమ యూళ్లకు పోవుదురు. వారాడిన వేయింటి మాట యట్లుండనిండు. పెండ్లియైన యిరువురును ఒక యింట చేరి కాపురము సాగించునపుడు తామే యాడుకొను చిన్న చిన్న అబద్ధముల మాట యేమి? అవి దోషములా, కావా? దోషములైనచో వానికి బాధ్యులెవ్వరు? ఈ ప్రశ్న విచారించుటకు వంటయింటి గడప దాటనక్కరలేదు. కాని మన గ్రంథములును ఈ విషయమున ఊరకుండలేదు గనుక వాని మాటయు వినుట మంచిది.

ఒక యువదంపతుల కాపురమును ఊహించుకొందము. వారు క్రొత్తగా పట్టణమున రెండు గదుల యిల్లు అద్దెకు తీసికొన్నారు. భర్త ఆఫీసునకు పోవును. భార్య చదువుకొన్నదే గాని యింకను ఉద్యోగము దొరకక యింట నున్నది. సోమవారమునాడు పులుసులో ఉప్పు రెండుమార్లు పడినది. భర్త "బాగున్నది" అని రెండు ముద్దలు తిని, ఆకలి లేదని మజ్జిగ పోసికొన్నాడు. మంగళవారము స్నేహితులతో హోటలులో కూర్చుండి ప్రొద్దుపోయి వచ్చి, ఆఫీసులో పని మిగిలినదని చెప్పినాడు. బుధవారము భార్య 1,800 రూపాయలకు చీర కొని 900 రూపాయలన్నది. గురువారము అత్తగారిచ్చిన పింగాణి జాడీ ఆమె చేతినుండి జారి పగిలినది; నేరము పొరుగింటి పిల్లిపై పడినది. శనివారము ఇద్దరును రెండవయాట సినిమాకు పోయి, కడపటి బస్సు తప్పి, వానలో తడిసి, తెగిన చెప్పులు చేతబట్టుకొని నవ్వుకొనుచు రెండు మైళ్లు నడచి యిల్లు చేరినారు. మరునాటి యుదయము ఊరినుండి ఫోను చేసిన పెద్దలకు, రాత్రి పెందలకడనే నిద్రపోయితిమని యొక్క గొంతుతో చెప్పినారు.

వారము దినములలో ఐదు అబద్ధములు. ఇందులో ఏదియు కోర్టుకెక్కదగినది గాదు. ఇరుగుపొరుగువారు విన్నచో నవ్వుదురు. లోకజ్ఞులైన పెద్దలు, "బండియిరుసుకు కందెన వంటివి యివి, కందెన లేని బండి కీచుమనును" అని సమాధానము చెప్పుదురు. సంస్కృతము కొంత వచ్చినవారు మరియొక మెట్టు పైకెక్కి, స్త్రీల విషయమునను, వివాహ విషయమునను ఆడిన అబద్ధము పాపము గాదని శాస్త్రమే చెప్పినదందురు.

ఈ శాస్త్రమెవ్వరిదో మొదట చూతము. పోతన భాగవతము అష్టమస్కంధమున వామనునకు దానమీయబోవు బలిచక్రవర్తితో శుక్రాచార్యుడు చెప్పిన హితవులో నీ మాట యున్నది. మన యిండ్లలో అక్షరము రానివారికి గూడ ఆ పద్యము వచ్చును. అయితే ఆ పద్యము నప్పగించువారు దాని తరువాతి కథను మాత్రము చెప్పరు. బలి ఆ హితవును వినలేదు. ఆడిన మాట తప్పనని దానమిచ్చినాడు. నేటికిని మనము గౌరవముతో తలచుకొనునది మాట నిలుపుకొన్న శిష్యునే గాని, మాట తప్పుమన్న గురువును గాదు.

ఇంతకంటెను చిత్రమైన కథ భారతము ఆదిపర్వమున నున్నది. అక్కడ నిట్టి మినహాయింపులనే శర్మిష్ఠ యయాతికి బోధించినది. శర్మిష్ఠను శయ్యకు పిలువవలదని శుక్రుడు వివాహకాలముననే యయాతిని శాసించి యుండెను. ఆ కట్టుబాటును మీరుటకు ఆమె యీ ధర్మసూక్ష్మమును సాధనముగా చేసికొన్నది. రాజు దానికి తల యొగ్గినాడు. ఏండ్లు గడచినవి. ఒకనాడు వనమున ఆడుకొనుచున్న పిల్లలను చూచి, మీ తండ్రి యెవ్వరని దేవయాని యడుగగా, పసివాండ్రు వ్రేలెత్తి యయాతిని చూపినారు. దేవయాని కన్నీటితో తండ్రికడకు పోయినది. శుక్రుడు అల్లునికి ముసలితనము కలుగునట్లు శపించినాడు. బలికి అబద్ధమునందలి వెసులుబాటును నేర్పిన యాచార్యుడే, ఆ వెసులుబాటు తన కూతురి కాపురమున ప్రవేశించినపుడు ఒక్క గడియ యైనను సహింపలేకపోయినాడు. పరులకు చెప్పు ధర్మమును తన బిడ్డకు అన్వయించి చూచుకొన్నపుడే దాని విలువ తెలియును.

అట్లని మేము ఇంట నెల్లప్పుడును ఉన్నదున్నట్లు ముఖము మీద విసరివేయవలెనని చెప్పుట లేదు. జర్మనీ తత్త్వవేత్త కాంటు 1797లో వ్రాసిన వ్యాసమున, మిత్రుని చంపుటకు వెదకుచు వచ్చిన హంతకునితో నైనను అసత్యమాడరాదని వాదించినాడు. మన తలుపు తట్టువాడు హంతకుడు గాడు, పాలవాడు. మన చిక్కులకు అంత కఠినమైన తర్కమక్కరలేదు. పైగా, "నేను ఉన్నమాట అనెడివాడను" అని చెప్పుకొనుచు ఆ యున్నమాటను చేతికర్రగా వాడుకొను భర్తలు మనలో కొందరున్నారు. వారి సత్యములన్నియు భార్య వంటను గురించియు, ఆమె పుట్టింటివారిని గురించియు నుండును. తమ్ము గురించి ఒక్కటియు నుండదు.

ఈ రెండు కొసలకును నడుమ మనువు ఒక త్రోవ చూపినాడు. అప్రియమైన సత్యమును పలుకరాదని ఆయన చెప్పినాడని యందరును ఎరుగుదురు. ప్రియమైనంత మాత్రమున అసత్యమును పలుకరాదని అదే శ్లోకమున నున్నది. దీనిని మాత్రము మరతురు. సోమవారపు పులుసుకు ఈ రెండును కలిపి అన్వయింతము. "ఇది మనుష్యులు తినునదేనా?" అనుట మొదటి నియమమునకు విరుద్ధము. "బాగున్నది" అనుట రెండవదానికి విరుద్ధము. "ఉప్పు కొంచెము మించినది, ఇంకొక గరిటెడు అన్నము పెట్టు, సరిపోవును" అనుటలో రెండు నియమములును నిలుచును, కడుపును నిండును. ఆ భర్త బాగున్నదనిన మాట యేమైనదో చూడుడు. అతడు లేచిన తరువాత భార్య తాను తినబోయి సంగతి గ్రహించినది. ఆమె నొచ్చుకొనలేదు, కాని ఆనాటినుండి అతని "బాగున్నది" అను మాటకు విలువ పోయినది. పండుగనాడు ఆమె నిజముగా అమృతము వండి వడ్డించినను, ఆ మెప్పును ఆమె నమ్మలేదు. ఒకపూట నొప్పి తప్పించుటకు ఆడిన మాట, ముందు నాళ్ల సంతోషమును గూడ హరించినది.

అయినచో దంపతుల నడుమ దాపరికము, కొంటెతనము, చిన్న మోసము ఏమియు నుండరాదా? ఉండవచ్చును, అవి లేని కాపురము ఉప్పులేని కూరయే. కాని ఏది యాటయో ఏది ద్రోహమో తెలియుటకొక గుర్తు కావలెను. ఆ గుర్తును గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు కథ మనకిచ్చుచున్నదని మా యభిప్రాయము. 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన యీ కథలో అబద్ధములు రెండున్నవి. భర్త గోపాలరావు సానిపాటలకు పోవుచు, లోకహితమైన సభలకు పోవుచున్నానని చెప్పుట మొదటిది. భార్య కమలిని పుట్టింటికి పోవుచున్నానని ఉత్తరము వ్రాసిపెట్టి, యింటనే మంచము క్రింద దాగుట రెండవది. ఆ యుత్తరమున ఆమె చేసిన ఫిర్యాదు గమనింపదగినది. భర్త పాటకు పోయినందులకంటె, తానింట నుండుట చేతనే ఆయన కల్లలాడవలసి వచ్చుచున్నదని ఆమె యెక్కువగా బాధపడును.

రెండును అబద్ధములే. అయినను కథ చదివినవారెవ్వరును వానిని ఒకే త్రాసున తూచరు. కారణమేమి? కమలిని మాట బయటపడుటకే పుట్టినది. కొంతసేపటిలో మంచము క్రింద నవ్వుగా బయటపడినది. గోపాలరావు మాట ఎన్నడును బయటపడకుండుటకు పుట్టినది. మొదటిది ఇరువురకును తుదకు ఒకే యెరుక కలిగించును. రెండవది ఒకరిని శాశ్వతముగా చీకటిలో నుంచి, రెండవవారికి స్వేచ్ఛ సంపాదించును. కనుక గుర్తు ఇది: ఈ మాటను రేపు మనమే చెప్పి యిద్దరమును కలిసి నవ్వగలమా? నవ్వగలిగినచో నది వినోదము. శనివారపు వాననడక యిట్టిది; సంక్రాంతికి ఊరికి పోయినపుడు ఆ దంపతులే దానిని పెద్దలకు చెప్పి, రెండు చీవాట్లు తిని, వారిని గూడ నవ్వింతురు. ఆఫీసు పని యను మంగళవారపు మాట యట్లు చెప్పదగినది గాదు.

ఇక మిగిలినవి చీర, జాడీ. ఇచ్చట ప్రశ్న మరింత లోతునకు పోవును. ఆమె చీర వెల యెందులకు సగము చేసినది? అబద్ధమునందు ప్రీతి చేత గాదు. రూపాయి కావలసినపుడెల్ల చేయి చాపవలసినదియు, చాచినపుడెల్ల లెక్క చెప్పవలసినదియు ఆమె గనుక. లెక్క అడుగు అధికారము ఒక్కరికే యున్నచోట లెక్క తప్పుట రెండవవారికి అలవాటగును. మా తరగతులలో నిత్యము చూచుచున్న విషయమిది: బెత్తము పట్టుకొని తిరుగు ఉపాధ్యాయునికి పిల్లలు చెప్పు సాకులు, నవ్వుచు అడుగు ఉపాధ్యాయునికి చెప్పరు. పిల్లలు మారలేదు, వినువాడు మారినాడు.

మన గృహిణుల పోపులడబ్బా దీనికి సాక్ష్యము. జీలకఱ్ఱ క్రిందను, మినపప్పు డబ్బా యడుగునను మడత పెట్టిన నోట్లు తెలుగిండ్లలో తరతరములుగా నున్నవి. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించినపుడు ఆ డబ్బాలన్నియు ఒక్కసారి బయటపడవలసి వచ్చినది. భర్తకు చెప్పినచో రహస్యము పోవును. చెప్పకున్నచో సొమ్ము పోవును. అనేక గృహములలో ఆనాడు భర్తలు ఆశ్చర్యపడి నవ్వినారు. పత్రికలవారు హాస్యచిత్రములు వేసినారు. 2021లో ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలు, ఆ కాలమున గృహిణి బ్యాంకులో వేసిన 2,50,000 రూపాయల వరకు సొమ్మును లెక్కలో చూపని రాబడిగా పరిగణింపరాదని తీర్పు చెప్పినది. ప్రభుత్వము వారును ఆ పొదుపును మన్నించినారు గాని, నవ్విన భర్తలలో ఎందరు తమ్ము తాము ప్రశ్నించుకొనిరి? ఈమె నా యింటనే, నాకు తెలియకుండ, నా బిడ్డల జ్వరమునకని దాచవలసిన యవసరమేమి వచ్చినది? ఆపదకు నన్ను నమ్ముకొనుటకంటె మినపప్పు డబ్బాను నమ్ముకొనుటయే మేలని ఆమెకు తోచినదేల?

చట్టము తన పని కొంత చేసినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ స్వాధీనమందున్న ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలిగా చేసినది. 2005 సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కునిచ్చినది. కాని చీర వెల నిర్భయముగా చెప్పు హక్కును ఏ శాసనసభయు ఈయజాలదు. దాని నీయవలసినవాడు భర్త. భార్యకు సత్యనిష్ఠ బోధింపదలచిన సంస్కర్త, మొదట నెల జీతమును ఇద్దరి యెదుట నుంచి, ఇది మన సొమ్మని చెప్పి, అడుగుట అను పనినే ఇంటినుండి తొలగింపవలెను. జాడీ సంగతియు నట్టిదే. పగిలినది పింగాణి, దానికై అత్తగారు పుట్టింటివారి నెత్తి చూపకుండునట్లు కుమారుడు నిలువగలిగినచో పిల్లికి అపవాదు తప్పును.

ఇది పురుషులకు మాత్రమే చెప్పు మాట గాదు. స్నేహితులతో ఒక గంట గడిపితినని చెప్పిన భర్తకు మూడు దినములు మౌనవ్రతమే బహుమానమైనచో, నాలుగవ దినమున అతడు ఆఫీసు పనిని కల్పించును. ఆ కల్పనకు కర్త అతడే, దోషమును అతనిదే. కాని దానికి నారు పోసినవారు వేరొకరుండవచ్చును. అట్లే, ఒకరి ఫోనును ఒకరు రాత్రివేళ విప్పి చూచుట సత్యశోధనము గాదు. ప్రతి మనిషికిని తనదైన యొక మూల యుండవచ్చును. చెప్పకుండుట వేరు, లేనిది చెప్పుట వేరు. బలవంతముగా తలుపులు తెరిపించుకొన్న యింట సత్యము పెరుగదు, గడియలు మాత్రమే పెరుగును.

సత్యమును పలుకువాని ధర్మముగానే మనవారు ఇంతకాలము విచారించినారు. గృహమున అది వినువారి ధర్మము గూడ. ఎవరి యెదుట నిజము చెప్పినచో శిక్ష పడునో, వారి యింట పుట్టిన ప్రతి యబద్ధమునందును వారికి పాలున్నది. కావున మన యింటి బిడ్డకో, భార్యకో, భర్తకో నిజము చెప్పుమని అడుగుటకు ముందు, నిజము చెప్పిన క్రిందటిసారి మన మేమి చేసితిమో జ్ఞాపకము తెచ్చుకొనుట మంచిది. క్రొత్తగా కాపురము పెట్టిన దంపతులు ఈ యొక్క యలవాటును మొదటి యేడాదిలోనే నేర్చుకొన్నచో, పులుసులో ఉప్పు మించిననాడు ఉప్పు మించినదనియే చెప్పుకొందురు; మరునాడు తగ్గించుకొందురు.