కాఫీ కొండల్లో ఒక పరీక్ష

ఈపాటికి మీలో చాలామంది చేతిలో కాఫీ గ్లాసు ఉండే ఉంటుంది. ఆ కాఫీ పండ్లు కోసినవాళ్లలో ఎందరో ఆడవాళ్లు. ఆసుపత్రికి దూరంగా, కొండల మీద బతికేవాళ్లు.

వాళ్ల కోసం 1996లో అమెరికాకు చెందిన ఒక కాఫీ వ్యాపారి, ఒక డాక్టరు కలిసి 'గ్రౌండ్స్ ఫర్ హెల్త్' సంస్థను ప్రారంభించారు. మెక్సికో కాఫీ పల్లెల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలతో మొదలైన ఆ పని నికరాగువా, ఇథియోపియా, కెన్యాల దాకా వెళ్లింది.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నర్సు గర్భాశయ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం అద్దితే, మార్పు వచ్చిన చోటు తెల్లబడుతుంది. అవసరమైతే చాలామందికి ఆ పూటే చికిత్స కూడా అయిపోతుంది. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని ఫలితం కోసం మళ్లీ రమ్మంటే ఎలా వస్తుంది? వైద్యం ఆమె వీలును బట్టి నడిచింది. అసలు తెలివి అదే.

అలా మార్పు వచ్చిన కణాలు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత గడువున్నా ప్రాణాలు పోతున్నాయంటే, లోటు మందులో లేదు, మనం చేరుకోవడంలో ఉంది. మన అరకు, పాడేరు కాఫీ తోటల్లోని అక్కచెల్లెళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

మీ ఇంట్లో 30 దాటిన ఆడవాళ్లను ఈ పరీక్ష చేయించుకున్నారా అని ఈరోజే అడగండి. ఒంట్లో బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష ఇది.