దొంగ నొప్పులు కావు

ఎనిమిదో నెల, తొలిచూలు. అన్నం తిని పడుకున్నాక ఉన్నట్టుండి కడుపులో నొప్పి. అత్తగారు వాము నీళ్లు తాగించి, "దొంగ నొప్పులే, తగ్గిపోతాయమ్మా" అన్నారట. 108లో మా వార్డుకు చేరేసరికి రాత్రి ఒంటిగంట. రక్తం పోవట్లేదు. స్కానింగ్‌లో మాయ మామూలుగానే ఉంది. నేనూ అత్తగారి మాటే అనబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. "వచ్చి పోవట్లేదు మేడం, పట్టుకునే ఉంది" అంది.

పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. కాన్పు నొప్పులైతే గర్భసంచి బిగుసుకుని, మళ్లీ మెత్తబడుతుంది. ఇది మెత్తబడలేదు, చెక్కలా ఉంది. బిడ్డ గుండె నిమిషానికి 90కి పడిపోయింది. వెంటనే ఆపరేషన్ చేస్తే మాయ వెనక గుప్పెళ్లకొద్దీ గడ్డకట్టిన రక్తం. మాయ ముందే విడిపోయినప్పుడు రక్తం ఒక్కోసారి బయటికి రాదు. కొత్తగా చేరిన రక్తం స్కానింగ్‌లో మాయలో కలిసిపోయి కనిపిస్తుంది. వేదాంతులు కూడా ఉన్నదాన్ని కప్పేసేదాన్నే మాయ అన్నారు.

ఎదుటివాళ్ల నొప్పి మనకెలా తెలుస్తుంది? సుఖదుఃఖాలు ఎవరివి వారి మనసుకే ప్రత్యక్షం అంటుంది న్యాయదర్శనం. వాటిని తెలుసుకోడానికి వైద్యులకు మిగిలేవి అనుమానం, శబ్దం. పొగను చూసి నిప్పు ఉందనుకోవడం అనుమానం. గర్భిణి విషయంలో ఆ పొగే నమ్మకమైనది కాదు. ఏ జబ్బూ లేకుండానే తెల్లకణాలు పెరుగుతాయి. పెరిగే గర్భసంచి అపెండిక్స్‌ను పైకి నెట్టేయొచ్చు, దాంతో నొప్పి చోటు మారొచ్చు.

ఇక శబ్దం, అంటే ఆప్తవాక్యం. ఆప్తులంటే వేదం చదివినవాళ్లని అనుకోవచ్చు. న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు అలా అనలేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాళ్లే ఆప్తులు. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా లక్షణం ఒకటే అన్నాడు. ఆ లెక్కన ఆ రాత్రి గదిలో ఆప్తురాలు ఆ అమ్మాయే. కారణం ఆమెకు తెలియదు, అది వెతకడం నా పని. నొప్పి తీరు మాత్రం ఆమెకే తెలుసు.

అంతకు ఏడేళ్ల ముందు ఇలాగే చెప్పినామెను తెల్లారేదాకా ఆగమన్నాను. ఆ బిడ్డ దక్కలేదు.

ఈ పాప 1.8 కిలోలతో పుట్టి, బతికింది. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి "నొప్పి వదలట్లేదు" అంటే, వాము డబ్బా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.