కీ నా చేతిలో ఉన్నప్పుడు

దిద్దే మనిషికి ఎదుటివాళ్ల జీవితం తెలిసి ఉంటే న్యాయం జరుగుతుందని మనం నమ్ముతాం. నాకు ఆ నమ్మకం లేదు. కారణం నేనే.

2009లో హైదరాబాదులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, సైకాలజీ మేడమ్‌కి సాయంగా మొదటి సంవత్సరం అమ్మాయిల ప్రాక్టికల్ రికార్డులు దిద్దేదాన్ని. జీతం లేదు. చేతిలో ఎర్ర పెన్ను మాత్రం ఉండేది.

ఆ వారం కోల్‌బర్గ్ నైతిక సమస్య ఇచ్చారు. హైంజ్ భార్య క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉంది. మందు తయారుచేసినవాడు తనకైన ఖర్చుకు పదిరెట్లు, 2,000 డాలర్లు అడుగుతాడు. హైంజ్‌కి సగమే పుట్టింది. దొంగతనం చేయవచ్చా? చెప్పే కారణాన్ని బట్టి ఆరు మెట్లలో ఆ మనిషి ఏ మెట్టు మీదుందో తేల్చాలి.

మా గోదావరిఖని నుంచే వచ్చిన ఒక అమ్మాయి ఇలా రాసింది: "ఆయనకు కంపెనీ దవాఖాన లేదా? యూనియనోళ్లు ఏం చేస్తున్నరు? అసలు ఆమెను ఎవరన్న అడిగిన్రా?" నేను "ఇది జవాబు కాదు" అని రాసి కింది మెట్టు వేశాను. రికార్డు తీసుకుంటూ ఆ పిల్ల, "అక్కా, నువ్వు గూడ మా దిక్కుదానివే గదా" అంది.

అవును. మా నాన్నా బాయి పనికి పోయినవాడే. నేను సింగరేణి ఆసుపత్రిలోనే పుట్టాను. పర్మినెంటు కార్మికుల కుటుంబాలకు అక్కడ వైద్యం ఉచితమనీ, అది ఎవరి దయా కాదనీ వింటూ పెరిగాను. అయినా కీనే నమ్మాను. ఆ కీ నన్ను ఆ పిల్ల పక్కనుంచి లేపి మేడమ్ పక్కన కూర్చోబెట్టింది మరి.

పీహెచ్‌డీ రోజుల్లో కెరోల్ గిలిగన్ 1982 నాటి పుస్తకం 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' చదివాను. కోల్‌బర్గ్ 1958లో ఆ మెట్లు కట్టింది మగపిల్లల జవాబులతోనే. గిలిగన్ మాట్లాడిన పదకొండేళ్ల ఎమీ దొంగతనం కాక వేరే దారి వెతుకుతుంది. మెట్ల లెక్కలో జేక్ అనే అబ్బాయి కంటే కింద తేలుతుంది. మా అమ్మాయిదీ ఆ సంరక్షణ గొంతే అనుకుని ఊరట పడ్డాను.

అదీ నిలవలేదు. దవాఖాన ఏదని అడగడం జాలి కాదు, హక్కు. దాన్ని ఆడవాళ్ల కరుణగా చదివితే రెండోసారి తప్పుగా దిద్దినట్టే. స్త్రీవాదం కూడా మన చేతిలో ఒక కీ కావచ్చు.

అందరూ హైంజ్ ఏం చేయాలని అడిగారు. ఆ పిల్ల ఒక్కతే అతని భార్యను అడగమంది. నేను ఆ పిల్లను కూడా అడగలేదు, ఎందుకలా రాశావని.