చూసింది ఎవరితో చెప్పాలి?



మొన్న ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి నా దగ్గరకొచ్చింది. (ఆమె సమ్మతితోనే రాస్తున్నాను.) "ఫాదరుగారూ, ఫ్లోరిడాలో నర్సుగా ఉన్న మా అమ్మాయి, రాత్రి డ్యూటీలో తోటి నర్సు మాట తడబడటం చూసిందట. నొప్పి ఇంజెక్షన్ల లెక్క కూడా రెండుసార్లు తప్పిందట. చెబితే ఆమె లైసెన్సు పోతుందేమో, పిల్లలు గలది, ఊరుకోమన్నాను" అంది.

తప్పు చేశావమ్మా అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

ఆ ఇంజెక్షను అందని రోగి రాత్రంతా మూలుగుతాడు. అతనికీ పిల్లలుంటారు. చెప్పవలసినవారు దాచిపెడితే ఆ పాపంలో వారికీ పాలుందని శ్రీసభ సత్యోపదేశం 1868వ పేరా నేర్పుతోంది. అదే గ్రంథం 2477లో, తగిన ఆధారం లేకుండా పొరుగువారిపై తప్పు మోపడం కూడా దోషమేనంటోంది. షుగరు పడిపోయినా మాట తడబడుతుంది గదా! కనుక చూసింది చూసినట్టు, తేదీతో, గంటతో, విచారించే అధికారం గలవారికే చెప్పాలి. క్యాంటీనులో కాదు.

ఉత్త అనుమానంతో లైసెన్సు రద్దు చేయరు. పరీక్షిస్తారు, ఆమె మాటా వింటారు. మత్తు అలవాటును జబ్బుగా ఎంచి నర్సులను చికిత్సకు పంపే ఏర్పాటు ఫ్లోరిడాలో 1983లోనే వచ్చింది. కోలుకున్నవారు పర్యవేక్షణలో తిరిగి పనిలో చేరవచ్చు.

"చెప్పాక ఆమె ముఖం ఎలా చూస్తుంది ఫాదర్?" అంది తల్లి.

ముఖం చాటేయవద్దని చెప్పమ్మా. ఆమె చికిత్సలో ఉన్నన్నాళ్లూ ఆ పిల్లలకు ఒక పూట వండి పట్టుకెళ్లమని చెప్పు.